కప్పం నలభై వేలు, ఖర్చు లక్షా అరవై ఒక్క వేలు

మార్చి 31 రాత్రి మన ఇళ్ళలో భోజనాలు ఎన్నింటికి అవుతాయో ఈ పత్రిక చదివేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. "క్లోజింగ్ అయిందా?" అని ఇంటి నుంచి ఫోను, "ఇంకో అరగంట" అని ఇటు నుంచి జవాబు, ఆ అరగంట తెల్లవారుజామున రెండింటికి పూర్తవడం మనకి ఏటా మామూలే. ఆ మార్చి 31కి ఇంకో పేరు కూడా ఉంది. కంప్యూటర్లవాళ్ళు దాన్ని 'వరల్డ్ బ్యాకప్ డే' అంటారు. మర్నాడు ఏప్రిల్ 1 కదా, ఆ రోజు ఫూల్ కాకుండా ఉండాలంటే ముందు రోజే మీ ఫైళ్ళకి కాపీ తీసి పెట్టుకోండి అని.

నేను 2004లో చేరిన మొదటి బ్రాంచికి అప్పటికింకా కోర్ బ్యాంకింగ్ రాలేదు. బ్రాంచి సర్వరు బ్రాంచిలోనే, ఏసీ గదిలో ఉండేది. సాయంత్రం డే ఎండ్ అయ్యాక టేపు మీద బ్యాకప్ తీయాలి, టేపు నంబరు, టైము రిజిస్టరులో రాయాలి, ఇద్దరం సంతకాలు పెట్టాలి. శనివారం టేపు మాత్రం పక్క ఊరి బ్రాంచికి వెళ్ళేది. ఇంతవరకు అందరూ చేసేదే. మా మేనేజరుగారు ఇంకో అడుగు ముందుకు వేసి, మూడు నెలలకోసారి ఏదో ఒక పాత టేపు తీయించి, వాడకుండా మూల పెట్టిన మెషిన్లో ఎక్కించి, నాలుగు ఖాతాల బ్యాలెన్సు చదివి చూపించమనేవారు. "టేపు చదవడానికి వస్తుందో లేదో చూడకుండా సంతకం పెట్టడం అంటే వోచరు చూడకుండా పాస్ చెయ్యడమేనయ్యా" అనేవారు. ఆఖరి బస్సు పోతుందన్న బాధలో నాకు అదంతా చాదస్తంలా కనిపించేది. ఆ మాట విలువ పద్దెనిమిదేళ్ళ తర్వాత, బ్యాంకులో కాదు, మా అక్కావాళ్ళ ఇంట్లో తెలిసొచ్చింది.

మా బావగారు పశ్చిమ గోదావరిలో టాక్స్ కన్సల్టెంటు. రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, బట్టల కొట్లు, అరవై దాకా పార్టీల లెక్కలు ఆయన దగ్గర ఉంటాయి. 2022 సెప్టెంబరు రెండో వారంలో ఓ ఉదయం ఆఫీసు తెరిచేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు ఇంగ్లీషు అక్షరాల తోక ఒకటి వచ్చి చేరింది. ప్రతి ఫోల్డరులోనూ 'రీడ్‌మీ' అని ఒక చీటీ. మీ ఫైళ్ళకి తాళం వేశాం, తాళంచెవి ధర 980 డాలర్లు, 72 గంటల్లోపు మాట్లాడితే సగం తగ్గించి 490కే ఇస్తాం అని ఉంది. ఆషాఢం డిస్కౌంటులాగ. అప్పటి లెక్కన దాదాపు నలభై వేల రూపాయలు.

"బావా, నలభై వేలేగా? పంపించేస్తే పని అయిపోతుంది కదా" అని ఆయన ఫోను చేశారు. నాకూ మొదట అదే తోచింది. ఆడిట్ రిపోర్టులకి గడువు నెలాఖరు. ఆ ఏడాది దాన్ని అక్టోబరు 7 దాకా పొడిగించారుగాని, ఆ సంగతి అప్పటికింకా తెలియదు.

ఎలా వచ్చిందో మధ్యాహ్నానికల్లా బయటపడింది. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు, చుట్టాల పెళ్ళి వీడియో కట్ చెయ్యడానికి ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్‌ని 'క్రాక్' చేసిన కాపీగా దింపుకున్నాడు. ఇంట్లో లాప్‌టాప్ నెమ్మది అని నాన్న ఆఫీసు కంప్యూటరులో వేశాడు. ఎక్కించేముందు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంది, ఆపాడు. ఇళ్ళలోని కంప్యూటర్లని, చిన్న ఆఫీసులని పట్టే 'స్టాప్' లేక 'డెజావు' అనే రాన్సమ్‌వేర్ కుటుంబం ఎక్కువగా ఈ దారినే వస్తుంది. 980, 490 అంకెలు దాని గుర్తు. పిల్లాడు మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదని అక్క చెప్పింది. బావగారు మాత్రం వాణ్ణి ఒక్క మాట అనలేదు. "నేనే పాస్‌వర్డు ఇచ్చాను కదా" అన్నారు.

తాళం ఎలా పడుతుంది

రాన్సమ్‌వేర్ అంటే ఫైళ్ళని చెరిపేసే వైరస్ అని చాలామంది అనుకుంటారు. అది ఫైళ్ళని చెరపదు, వాటికి తాళం వేస్తుంది. కప్ప తాళం ఎవరైనా నొక్కి వెయ్యొచ్చు, చెవి అక్కర్లేదు. తియ్యడానికి మాత్రం చెవి ఉండాలి. ఇదీ అంతే. తాళం వేసే కోడ్ మన కంప్యూటరులోకి వస్తుంది, తీసే కోడ్ దొంగల దగ్గరే ఉంటుంది. అంకెలు మార్చి మార్చి ఊహించి తీద్దామంటే మన జీవితకాలాలు చాలవు. మన నెట్ బ్యాంకింగ్‌ని కాపాడే గణితమే ఇక్కడ దొంగల చేతిలో పడింది.

ఒక్కోసారి తాళంచెవి దొరుకుతుంది కూడా. 2016లో నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపోల్, రెండు యాంటీవైరస్ కంపెనీలు కలిసి 'నో మోర్ రాన్సమ్' అనే ఉచిత సేవ మొదలుపెట్టారు. పోలీసు దాడుల్లో చిక్కినవి, దొంగల తప్పుల వల్ల బయటపడినవి అయిన తాళంచెవులు అక్కడ ఉంటాయి. డబ్బు పంపేముందు ఎవరైనా తప్పక చూడవలసిన చోటు అది. బావగారి ఫైళ్ళనీ అక్కడ పరీక్షించాం. ఈ రకం వైరస్, తాళం వేసే సమయానికి ఇంటర్నెట్ లేకపోతే తనలో ఉన్న ఉమ్మడి తాళం వాడుతుంది. అలాంటివాటికి చెవి దొరికే అవకాశం ఉంది. నెట్ ఉంటే దొంగల సర్వరు నుంచి ఆ కంప్యూటరుకే ప్రత్యేకమైన తాళం తెప్పించుకుంటుంది. మనవాళ్ళ ఆఫీసులో ఫైబర్ నెట్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. దొరకలేదు.

"బ్యాకప్ ఉంది కదా!" అన్నాను. ఉంది. రెండు కూడా ఉన్నాయి. ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, కొన్న రోజు నుంచీ కంప్యూటరు వెనక గుచ్చే ఉంది. వైరస్‌కి అది ఇంకో డ్రైవు, అంతే. దానికీ తాళం పడింది. రెండోది క్లౌడ్ డ్రైవు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిళ్ళు, ఫొటోలు కలిసి ఎప్పుడో నిండిపోయి, జనవరి నుంచీ ఒక్క కొత్త ఫైలూ పైకెక్కలేదు. స్థలం చాలడం లేదని హెచ్చరిక మెయిళ్ళు వస్తూనే ఉన్నాయి. కన్సల్టెంటుకి రోజుకి వచ్చే మెయిళ్ళలో వాటినెవరు చదువుతారు? ఆ పూట మా పాత మేనేజరుగారు గుర్తొచ్చారు.

చివరికి మూడో కాపీ ఒకటి, ఎవరూ అనుకోని చోట దొరికింది. ఆఫీసులో పనిచేసే అమ్మాయి జూన్ నెలాఖరులో ఒక మిల్లుకి వెళ్ళి లెక్కలు చూడవలసి వచ్చి, పనికొస్తుందని డేటా మొత్తం తన పెన్ డ్రైవులో వేసుకుంది. తర్వాత చెరపడం మర్చిపోయింది. చెప్పాలంటే అది నియమాలకి విరుద్ధం, పార్టీల లెక్కలు అలా హ్యాండ్‌బ్యాగులో తిరగకూడదు. ఆ రోజు మాత్రం ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

అంటే జూన్ చివరి దాకా ఉన్నది దక్కింది. జులై, ఆగస్టు, సెప్టెంబరు మొదటి వారం పోయాయి. బ్యాంకుల్లో దీనికి రెండు కొలతలు ఉన్నాయి. ప్రమాదం జరిగితే ఎంత కాలపు డేటా పోయినా ఓర్చుకోగలం అన్నది ఒకటి, దాన్ని ఆర్‌పీఓ అంటాం. ఎంతసేపట్లో మళ్ళీ కౌంటరు తెరవాలి అన్నది రెండోది, ఆర్‌టీఓ. రవాణా ఆఫీసు కాదు. బ్యాంకులకి ఈ రెండూ ముందే రాసి పెట్టుకున్న అంకెలు. బావగారికి అవి ఆ రోజే తెలిశాయి: డెబ్బై రోజులు, నలభై రోజులు.

ఆ నలభై రోజులకి ఎంతయింది

డబ్బు కట్టలేదు. కట్టకూడదన్న సిద్ధాంతం కంటే, కట్టినా చెవి వస్తుందన్న పూచీ లేదన్న భయమే ఎక్కువ. పైగా ఈ రకం వైరస్ తనతోపాటు పాస్‌వర్డులు దొంగిలించే ఇంకో ప్రోగ్రామును కూడా దింపుతూ ఉంటుంది. ఫైళ్ళు తెరుచుకున్నా ఆ దొంగతనం దొంగతనమే. ఆ రాత్రి మేము మొదట చేసిన పని ఫైళ్ళ సంగతి కాదు. వేరే ఫోన్ నుంచి మెయిల్, నెట్ బ్యాంకింగ్, జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ పోర్టళ్ళ పాస్‌వర్డులన్నీ మార్చడం. తర్వాత 1930కి ఫోను చేసి, సైబర్‌క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వడం.

నెమ్మది మీద చూస్తే చాలా డేటా ఇతరుల దగ్గర భద్రంగానే ఉంది. వేసిన రిటర్నులన్నీ పోర్టళ్ళలో ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు బ్యాంకులు మళ్ళీ ఇచ్చాయి. పోయింది మధ్యలో ఉన్న చాకిరీ. ఏ బిల్లు ఏ ఖాతాలో వేశారో, ఏ సర్దుబాటు ఎందుకు చేశారో ఆ డెబ్బై రోజుల ఎంట్రీలు మళ్ళీ కాయితాలు చూసి కొట్టాలి. ఇద్దరు కుర్రాళ్ళని రోజుకి 600 చొప్పున నలభై రోజులు పెట్టుకున్నారు: 48,000. టెక్నీషియన్, కొత్త డిస్కులు కలిపి 14,000. ఆ నెల జీఎస్టీ రిటర్నులు పద్దెనిమిది పార్టీలకి పది రోజులు ఆలస్యమయ్యాయి. రోజుకి 50 రూపాయల లేటు ఫీజు చొప్పున 9,000 ఆయనే తన జేబులోంచి కట్టారు. పార్టీని అడగడానికి మొహం చెల్లలేదు. ఐదుగురు పార్టీలు వెళ్ళిపోయారు, ఏడాదికి తలా 18,000 ఫీజు, అంటే 90,000. మొత్తం లక్షా అరవై ఒక్క వేలు. రాత్రిళ్ళు ఆయన మేలుకున్నది, అక్క దసరాకి పుట్టింటికి రాలేకపోయింది ఇందులో వెయ్యలేదు. ఎంబీఏలో 'అవకాశ వ్యయం' అని పేజీలు పేజీలు చదివాను, ఆ పద్దులో ఏమేం రాయాలో ఆ అక్టోబరులోనే అర్థమైంది.

ఈ లెక్కలో దొంగలకి ఇచ్చిన సొమ్ము సున్నా అన్నది గమనించండి. ప్రపంచంలో ఎక్కడ చూసినా కథ ఇలాగే ఉంటుంది. 2019 మేలో అమెరికాలో బాల్టిమోర్ నగరపాలక సంస్థని రాన్సమ్‌వేర్ పట్టింది. అడిగింది 13 బిట్‌కాయిన్లు, అప్పటి ధరలో దాదాపు 76 వేల డాలర్లు. నగరం ఇవ్వలేదు. కోలుకోవడానికి అయిన ఖర్చు, రాకుండా పోయిన ఆదాయం కలిపి కోటీ ఎనభై లక్షల డాలర్ల పైన అని లెక్క తేల్చారు. ఆ ఊళ్ళో కొన్ని వారాలు ఇళ్ళ క్రయవిక్రయాలే ఆగిపోయాయి.

మరి ఆ 76 వేలు పడేస్తే పోయేదిగా అంటారా? 2021 మేలో అమెరికాలోనే కలోనియల్ అనే పెట్రోలు పైప్‌లైన్ కంపెనీ పడేసి చూసింది. 75 బిట్‌కాయిన్లు, అప్పటికి 44 లక్షల డాలర్లు. దొంగలు మాట తప్పలేదు, తాళం తీసే ప్రోగ్రాము పంపారు. అది ఎంత నెమ్మదిగా నడిచిందంటే, కంపెనీ దాన్ని పక్కన పెట్టి తన బ్యాకప్‌ల నుంచే సిస్టమ్‌లు నిలబెట్టుకోవలసి వచ్చింది. తర్వాత అమెరికా పోలీసులు అందులో 63.7 బిట్‌కాయిన్లు వెనక్కి రాబట్టారు, అది వేరే కథ. తాళంచెవి కొన్నా ఇల్లు శుభ్రం చేసుకోవడం తప్పదు. ఏ కంప్యూటరులో ఏం దాక్కుందో తెలియకుండా దాన్ని మళ్ళీ నెట్‌వర్క్‌కి తగిలిస్తే నెల తిరక్కుండానే అదే దొంగ మళ్ళీ వస్తాడు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో 2022 నవంబరు 23న జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. మా బావగారి ఆఫీసు తేరుకుని అప్పటికి నెల కూడా కాలేదు, అందుకని ఆ వార్త నేను రోజూ వెతికి చదివాను. ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టెరాబైట్ల డేటా తాళంలో పడ్డాయని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. నెట్‌వర్క్‌ని సరిగ్గా గదులుగా విడగొట్టకపోవడం కారణమని కూడా చెప్పింది. ఓపీ చీట్లు చేత్తో రాశారు, రిపోర్టులు మనుషులు మోసుకెళ్ళారు, అడ్మిషన్లు, డిశ్చార్జిలు కాయితాల మీద నడిచాయి. అక్కడ అదృష్టం ఏమిటంటే వైరస్ చేరని బ్యాకప్ సర్వరు ఒకటి మిగిలింది. రోగుల డేటా దాన్నుంచి తిరిగొచ్చింది. అయినా ముఖ్యమైన సేవలు మళ్ళీ కంప్యూటరు ఎక్కడానికి రెండు వారాలు పట్టింది.

డేటా చేతిలో ఉండి కూడా రెండు వారాలెందుకు? 1.3 టెరాబైట్లు కాపీ చెయ్యడానికి మామూలు హార్డ్ డిస్కు వేగంతో కూడా మహా అయితే నాలుగైదు గంటలు. మిగతా రోజులన్నీ శుభ్రం చెయ్యడానికి. ఆ ఆసుపత్రిలో 50 సర్వర్లు, 5,000 దాకా కంప్యూటర్లు ఉన్నాయి. ఒక్కొక్కటీ పరీక్షించి, యాంటీవైరస్ ఎక్కించి, ఇది మంచిదే అని నమ్మకం కుదిరాక గానీ తగిలించడానికి లేదు. 'బ్యాకప్ ఉంటే చాలు' అనే మాటలో తప్పు ఇక్కడే ఉంది. బ్యాకప్ ఉంటే డేటా వస్తుంది, ఆ డేటాని పెట్టుకోవడానికి శుభ్రమైన చోటు వేరే కావాలి.

ఘానాలో కరెంటు పోయింది

నాకు తెలిసిన బ్యాకప్ కథలన్నిటిలోకీ గొప్పది ఓడల కంపెనీ మర్స్క్‌ది. ఇది చెప్పకుండా ముగించలేను, కాస్త ఓపిక పట్టండి.

2017 జూన్ 27న 'నాట్‌పెట్యా' అనే వైరస్ ఉక్రెయిన్‌లో మొదలై గంటల్లో ప్రపంచమంతా పాకింది. చూడడానికి రాన్సమ్‌వేర్‌లాగే డబ్బు అడిగింది గాని, నిజానికి దానికి తాళంచెవే లేదు. చేతికందింది నాశనం చెయ్యడమే దాని పని. డెన్మార్క్‌లోని మర్స్క్ అప్పటికి ప్రపంచంలో అతి పెద్ద కంటైనర్ ఓడల సంస్థ. దాని అనుబంధ సంస్థ నడిపే రేవులు చాలా చోట్ల ఆగిపోయాయి. మన ముంబయి పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టులో ఒక టెర్మినల్ కూడా అందులో ఉంది. గేట్ల దగ్గర లారీలు బారులు తీరాయి.

మర్స్క్‌కి బ్యాకప్‌లు లేవా అంటే ఉన్నాయి. సర్వర్లలో చాలావాటికి మూడు నుంచి ఏడు రోజుల నాటి కాపీలు దొరికాయి. దొరకనిది ఒక్కటే, డొమైన్ కంట్రోలరు. సంస్థలో ఎవరెవరు ఉద్యోగులు, ఎవరు ఏ తలుపు తియ్యొచ్చు అనే జాబితా ఉండే సర్వరు అది. బ్రాంచిలో అందరి సంతకాల నమూనాలూ, తాళాల రిజిస్టరూ ఒకే బీరువాలో పెట్టినట్టు. అవి 150 దాకా ఉన్నాయి, ప్రపంచం నలుమూలలా. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ప్రతిదీ మిగతావాటితో ఎప్పటికప్పుడు సరిచూసుకునేలా ఏర్పాటు చేశారు. అన్నీ ఒకేసారి పోవడం అనే సంగతి ఎవరి ఊహకీ రాలేదు. అన్నీ ఒకేసారి పోయాయి.

చివరికి ఘానా దేశంలోని ఆఫీసులో ఒకటి బతికి ఉందని తెలిసింది. వైరస్ వచ్చే సమయానికి అక్కడ కరెంటు పోయింది, అందుకని ఆ సర్వరు నెట్‌వర్క్‌లో లేదు. మన కరెంటు కోతల్ని తిట్టుకోవడం తప్ప పొగిడిన సందర్భం నాకు ఇదొక్కటే గుర్తుంది. ఆ డేటాని లైను మీద ఇంగ్లండు పంపుదామంటే ఘానా నుంచి రోజులు పట్టేంత సన్నని లైను. మనిషిని పంపుదామంటే అక్కడి ఉద్యోగులెవరికీ బ్రిటన్ వీసా లేదు. దాంతో ఒక ఉద్యోగి హార్డ్ డిస్కు పట్టుకుని నైజీరియా వెళ్ళి విమానాశ్రయంలో ఇంకొకరికి అందించాడు, ఆయన దాన్ని లండన్ తీసుకెళ్ళాడు. పది రోజుల్లో 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు మళ్ళీ మొదటి నుంచి కట్టుకున్నారు. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని కంపెనీ ప్రకటించింది.

ఇందులో మన ఇళ్ళకి నేరుగా వర్తించే విషయం ఒకటుంది. ఆ 150 సర్వర్లు చేస్తున్నది సింక్, బ్యాకప్ కాదు. మన ఫోనులో ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్ళడం కూడా అంతే. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. బిన్‌లో 60 రోజులు ఉంటుంది, తర్వాత అది కూడా లేదు. మనవడు ఫోనుతో ఆడుతూ కొన్ని ఫొటోలు డిలీట్ చేశాడనుకోండి, మూడు నెలల తర్వాత గమనిస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. అద్దంలో బొమ్మ మనకి కాపీ కాదు, మనం పక్కకి జరిగితే అదీ జరుగుతుంది. ఏ రోజు కాపీ ఆ రోజుదిగా విడిగా నిలిచి ఉంటేనే బ్యాకప్.

పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన వృత్తివాళ్ళ కోసం చెప్పిన 3-2-1 అనే లెక్క ఇప్పుడు బ్యాంకుల నుంచి ఆసుపత్రుల దాకా అందరూ చెప్పుకుంటున్నారు. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే చోట. రాన్సమ్‌వేర్ వచ్చాక దానికి ఇంకో షరతు చేరింది, ఒక కాపీ అయినా తీగ పీకేసి ఉండాలి. పని అయ్యాక డిస్కు తీసి బీరువాలో పెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఇంట్లో ఏవి దాచాలి అని అడిగితే, నా మట్టుకు నేను తిరిగి తెచ్చుకోగలిగేవి, తెచ్చుకోలేనివి అని రెండుగా విడగొడతాను. మార్కుల జాబితాలు, ఆధార్ లాంటివి డిజిలాకర్‌లో మళ్ళీ దొరుకుతాయి. పెన్షన్ ఆర్డరు, ఇన్సూరెన్సు బాండు పోతే దరఖాస్తు పెట్టి డూప్లికేటు తెచ్చుకోవచ్చు, తిరుగుడు తప్పదు. నాన్నగారి గొంతు రికార్డు చేసుకున్నది, పిల్లల చిన్నప్పటి వీడియోలు ఏ కౌంటరులోనూ ఇవ్వరు. ముందు వాటి సంగతి చూడండి. అన్నీ క్లౌడ్‌లోనే పెట్టేస్తాం అనేవాళ్ళు ఒక లెక్క వేసుకోండి. 100 ఎంబీపీఎస్ లైను మీద 500 జీబీ వెనక్కి దింపుకోవడానికి, లైను ఎక్కడా తగ్గకుండా నడిస్తే, పదకొండు గంటలు. ఇంటి ఫొటోలకైతే పరవాలేదు. పొద్దున్నే కొట్టు తెరవాల్సినవాళ్ళకి అది ఒక రోజు వ్యాపారం.

బ్యాకప్‌కి లొంగని బెడద కూడా ఒకటుంది, దాచకుండా చెప్పాలి. ఇప్పుడు చాలా ముఠాలు తాళం వేసేముందే డేటా కాపీ చేసుకుని, డబ్బివ్వకపోతే బయట పెడతామంటున్నాయి. మన దగ్గర ఎన్ని కాపీలున్నా దానికి మందు కాదు. దానికి మందు, అక్కర్లేని డేటా అసలు దాచుకోకపోవడమే. పదేళ్ళ క్రితం వదిలేసిన పార్టీల పాన్ కార్డుల స్కాన్లు ఇంకా ఆఫీసు కంప్యూటరులో ఎందుకని నేను అడిగితే బావగారి దగ్గర జవాబు లేదు.

బ్యాంకుల మాటేమిటి అని ఇంట్లో అడుగుతారు, మా ఇంట్లోనూ అడిగారు. మన కోర్ బ్యాంకింగ్ డేటా ఒక నగరంలో, దాని ప్రతి వేరే భూకంప మండలంలోని ఇంకో నగరంలో ఉంటాయి. ఏడాదిలో కొన్ని రోజులు కావాలనే రెండో చోటు నుంచి పని నడిపించి చూస్తారు. ఆ డ్రిల్లు ఉన్న ఆదివారం మనవాళ్ళు ఆఫీసుకి వెళ్తే విసుక్కోకండి. అయినా గొలుసులో ప్రతి కడియం మన చేతిలో ఉండదు. 2024 జులై చివర్లో, చిన్న బ్యాంకులకి సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. జబ్బు మిగతావాళ్ళకి అంటకుండా ఎన్‌పీసీఐ ఆ సంస్థని పేమెంట్ల నెట్‌వర్క్ నుంచి వెంటనే విడదీసింది. దాంతో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకి యూపీఐ, ఏటీఎంలు ఆగాయి. తనిఖీలయ్యాక ఆగస్టు 1న తిరిగి కలిపారు. ఆ ఖాతాదారుల్లో చాలామంది ఆ సంస్థ పేరు అదే మొదటిసారి విని ఉంటారు. ఆఫీసు కంప్యూటరులో మీ ఇంటి పెన్ డ్రైవు ఎందుకు పెట్టనివ్వరని పిల్లలు అడిగితే ఈ కథ చెప్పండి.

బావగారి ఆఫీసులో ఇప్పుడు రెండు డిస్కులు, వారం మార్చి వారం. రెండిటికీ కలిపి తొమ్మిది వేలయింది. శనివారం సాయంత్రం కాపీ అయ్యాక ఆ వారం డిస్కుని మా మేనల్లుడు స్కూటరు మీద తీసుకెళ్ళి నాయనమ్మ ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టి, పాతది పట్టుకొస్తాడు. పని వాడే అడిగి తీసుకున్నాడు. మూడు నెలలకోసారి ఇంటి లాప్‌టాప్‌లో మొత్తం ఎక్కించి, ఏవో నాలుగు పార్టీల బ్యాలెన్సులు చదివి తండ్రికి చూపించాలన్నది నేను పెట్టిన షరతు. మొదటిసారి చేసినప్పుడు రెండు ఫోల్డర్లు కాపీలో లేవని తేలింది, జాబితాలో చేర్చడం మర్చిపోయారు. పోయినసారి మాత్రం అన్నీ వచ్చాయట. "మూడు గంటల పది నిమిషాలు పట్టింది మామయ్యా" అని రిజిస్టరు పేజీ ఫొటో పంపాడు. కింద రెండు సంతకాలు ఉన్నాయి.